ట్రిప్-హాప్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాశ్చాత్య సంగీతం గురించి వస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. జాజ్, రాక్ సంగీతాలను ఎంతో ఓపికగా వివరించిన ఆ శీర్షిక, 1990ల నాటి ఎలక్ట్రానిక్ సంగీతం దగ్గరకు వచ్చేసరికి అదంతా డాన్సు క్లబ్బుల హోరు అన్నట్టు ఒక్క పేరాలో ముగించడం నాకు బాధ కలిగించింది. ఆ దశాబ్దపు తొలి ఏళ్లలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో రూపుదిద్దుకున్న ట్రిప్-హాప్ హోరుకు పూర్తిగా దూరమైన సంగీతం. కూర్చుని, చెవిపెట్టి వినవలసినది.

బ్రిస్టల్ ఓడరేవు పట్టణం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జమైకా తదితర కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారు అక్కడి సెయింట్ పాల్స్ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చి, రికార్డులు మారుస్తూ, మధ్యమధ్య మైకులో మాటలు కలుపుతూ పాటను నడిపించే సౌండ్ సిస్టం పద్ధతి వారితోపాటే వచ్చింది. మా వైపు అమ్మవారి జాతరల్లో డీజే బాక్సులు చూసినవారికి ఇది సులభంగానే బోధపడుతుంది. 1980లలో ‘వైల్డ్ బంచ్’ అనే బృందం జమైకా రెగే, అమెరికా నల్లజాతివారి గానమైన సోల్, దూకుడైన రాక్ అనదగిన పంక్, డ్రమ్ముల వరుస మీద లయబద్ధంగా మాటలు పలికే (ర్యాప్) అమెరికా హిప్-హాప్ రికార్డులను అక్కడ కలిపి వినిపించేది. అందులోని కొందరే ‘మాసివ్ అటాక్’గా ఏర్పడి 1991లో ‘బ్లూ లైన్స్’ ఆల్బం వెలువరించారు. ఆ ఏడాది గల్ఫ్ యుద్ధం కారణంగా కొంతకాలం తమ పేరులోంచి ‘అటాక్’ (దాడి) అనే మాటను తొలగించుకోవలసి వచ్చింది కూడా.

వీరు హిప్-హాప్ డ్రమ్ముల వరుసను తీసుకుని దాని వేగాన్ని బాగా తగ్గించారు. దాని కింద రెగే పాటల్లో గాత్రం తగ్గించి లయకూ ప్రతిధ్వనికీ పెద్దపీట వేసే జమైకా డబ్ సంగీతపు బరువైన బేస్‌ను (మంద్రస్వరాన్ని) పరిచి, పైన సోల్ గాత్రాన్నో, గొంతు పెంచకుండా దాదాపు గుసగుసగా సాగే ర్యాప్‌నో నిలిపారు. పాత రికార్డులోంచి చిన్న తునకను తీసి, శాంప్లర్ యంత్రంలో పదేపదే తిప్పి, దాని మీద కొత్త పాట కట్టడం వీరి పనితనంలో ముఖ్యమైన భాగం. ‘పోర్టిస్‌హెడ్’ అనే మరో బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. తాము వాయించిన సంగీతాన్నే వినైల్ రికార్డుగా ముద్రించి, దానిని నేల మీద వేసి తొక్కి, గీతలు పడ్డాక అందులోంచి తునకలు తీసుకుంది. ఆ బృందపు గాయని బెత్ గిబ్బన్స్ గొంతులోని వేదన ఆ చిటపటల మధ్య నుంచి వినిపించడం వల్లనే 1994 నాటి ‘డమ్మీ’ ఆల్బం ఇన్నేళ్లయినా పాతబడలేదని నా నమ్మకం. మరుసటి ఏడాది దానికి, బ్రిటన్‌లో ఏటా ఒక ఉత్తమ ఆల్బంకు ఇచ్చే మెర్క్యురీ బహుమతి లభించింది. అదే 1995లో, ‘మాసివ్ అటాక్’తో కలిసి పనిచేసిన ర్యాప్ గాయకుడు ట్రికీ, తన చిన్నతనంలోనే మరణించిన తల్లి పేరును ‘మాక్సిన్‌క్వే’ అనే తన తొలి ఆల్బంకు పెట్టుకున్నాడు. ఇంత దుఃఖాన్ని మోసే సంగీతాన్ని క్లబ్బుల హోరుగా కొట్టివేయడం న్యాయం కాదు.

మా పర్లాకిమిడి ప్రాంతంలో తెలుగు, ఒడియా, సవర భాషలు ఒకే సంతలో వినిపిస్తాయి. ఇటు గంజాం వైపు చెక్క చిడతలు వాయిస్తూ కథ చెప్పే దాసకాఠియా ఉంది, అటు శ్రీకాకుళం వైపు జముకు వాద్యంతో కథ పాడే జముకుల కథ ఉంది. చేతిలో ఫోనూ, కంప్యూటరూ ఉన్న మా యువతీయువకులు వీటిని రికార్డు చేసి, పాడినవారి అనుమతితో, వారి పేర్లు చెప్పి, కొత్త పాటలు కట్టగలరు. వలస వచ్చినవారి సంగీతమూ అప్పటికే ఉన్నవారి సంగీతమూ కలిస్తే ఏం పుడుతుందో బ్రిస్టల్ చేసి చూపింది కనుక, ఆ పద్ధతిని తెలుగులో వివరించేవారు మాకు కావాలి.

అందువల్ల మీ శీర్షికలో ట్రిప్-హాప్‌కు కనీసం రెండు మూడు వారాలు కేటాయించి, ‘బ్లూ లైన్స్’తో మొదలుపెట్టి, ఏ పాటలో ఏ పాత రికార్డు తునక వాడారో, ఎవరు పాడారో వివరాలతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా