గాటు చిన్నదే, మోకాలి మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

మోకాలి లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) ఎముక ముక్కతో సహా ఊడినప్పుడు, చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్ గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఆపరేషన్ వరకు చక్కగానే రాశారు. అయితే గాటు చిన్నది కాబట్టి గాయమూ చిన్నదే, నాలుగు రోజుల్లో అంతా మామూలే అన్న ధోరణిలో ముగించారు. నేను ఫిజియోథెరపిస్టుని. ఆపరేషనై ఇంటికెళ్లిన మోకాళ్లు ఆ తర్వాత వచ్చేది మా దగ్గరికే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ఈ గాయంలో లిగమెంట్ మధ్యలో తెగదు. మొక్కను పీకితే వేళ్లతో పాటు మట్టిపెళ్ల లేచినట్టు, తాను అంటుకున్న చోట ఎముకను పెకలించుకుని వస్తుంది. ముందువైపు లిగమెంట్‌కి, అంటే ఏసీఎల్‌కి, ఇలా జరగడం 8 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. ఆ వయసులో మోకాలి కింది ఎముక పైభాగం ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. లిగమెంట్ తట్టుకుంటుంది గానీ ఎముక తట్టుకోలేదు. సైకిల్ మీంచి పడినా, ఆటలో కాలు మెలిపడినా చాలు. కొన్ని గంటల్లోనే కీలు రక్తంతో నిండి ఉబ్బిపోతుంది, కాలు కింద పెట్టనివ్వదు. బెణుకే అనుకుని వారం పది రోజులు ఇంట్లోనే ఉంచేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్క నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలోనే చాలాసార్లు సంగతి బయటపడుతుంది.

తెలిసినవాళ్ల పిల్లాడికి కట్టుతోనే తగ్గింది, మావాడికి మాత్రం ఆపరేషన్ ఎందుకంటున్నారని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. మేయర్స్, మెకీవర్ అనే ఇద్దరు డాక్టర్లు 1959లో చేసిన విభజనే దీనికి జవాబు. ముక్క కదలకుండా ఉంటే కట్టు చాలు. ముందు అంచు మాత్రమే పైకి లేచి వెనక అంచు అతుక్కుని ఉంటే, చేరిన రక్తం తీసేసి, కాలు చాపించి, ముక్క తన చోటికి దిగుతుందేమో చూస్తారు. దిగకపోయినా, మొత్తంగా ఊడి పైకి లేచినా ఆపరేషన్ తప్పదు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు ముక్కలు ముక్కలైన రకాన్ని కూడా ఇందులో చేర్చారు.

కాలు చాపించినా ముక్క ఎందుకు దిగదో నాకు సరిగా అర్థమైంది ఒక అబ్బాయి తండ్రి తన ఫోన్‌లో చూపించిన ఆపరేషన్ వీడియోలో. ముందు అంతా ఎర్రటి మసక. సెలైన్‌తో కడిగేకొద్దీ తేటపడింది. తెల్లటి లిగమెంట్, దాని కింద పైకి తేలిన ఎముక ముక్క కనిపించాయి. కీలులో మెత్తల్లా ఉండే రెండు మెనిస్కస్‌లను ముందువైపు కలిపే సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. అది జారి ముక్క కిందికి దూరిపోయింది. పైనుంచి ఎంత నొక్కినా ముక్క దిగడం లేదు. సర్జన్ చిన్న కొక్కెంతో ఆ పట్టీని బయటికి లాగగానే ముక్క దాని గుంటలో చక్కగా కూర్చుంది. తర్వాత కింది ఎముక ముందు భాగం నుంచి రెండు సన్నటి రంధ్రాలు వేసి, లిగమెంట్ మొదట్లో గుచ్చిన గట్టి దారాల్ని వాటిలోంచి బయటికి లాగి ముడేశారు. ముక్క పెద్దదైతే స్క్రూ వేయొచ్చు. ఎదిగే పిల్లల్లో ఆ స్క్రూ గ్రోత్ ప్లేట్‌ను, అంటే ఎముక పొడుగు పెరిగే చోటును, దాటకుండా చూసుకోవాలి. ఇంత పనీ సెంటీమీటరు కూడా లేని గాట్లలోంచే జరుగుతుంది. ఆ నైపుణ్యాన్ని నేనేమీ తక్కువ చేయడం లేదు.

ఇబ్బందంతా ఆ తర్వాతే. ఈ ఆపరేషన్ తర్వాత మాకు ఎక్కువగా టెన్షన్ పెట్టేది మోకాలు బిగుసుకుపోవడం. లోపల మచ్చ కణజాలం పెరిగి కీలును కదలనివ్వదు. ఒకబ్బాయి డిశ్చార్జ్ కాగితంలో బ్రేస్ (మోకాలిని కదలకుండా ఉంచే తొడుగు) ఆరు వారాలు అని మాత్రమే ఉంది. మధ్యలో విప్పి కదిలించాలో లేదో ఒక్క ముక్క లేదు. ఇంట్లోవాళ్లు దాన్ని ముట్టుకోలేదు. పైగా పిల్లాడికి హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టారు. హాయిగా ఉండే మాట నిజమే, ఎందుకంటే కొంచెం వంగి ఉన్న మోకాలిలో నొప్పి తక్కువ. నా దగ్గరికి వచ్చేసరికి మంచం మీద కాలు చాపించి చూస్తే, మోకాలు పూర్తిగా చాపుకోక వెనక నా పిడికిలి దూరేంత సందు. తొడ కండరం బిగించమంటే చిప్ప కదలడమే లేదు. చివరికి మళ్లీ కీహోల్ ద్వారానే ఆ మచ్చను వదిలించాల్సి వచ్చింది. పిల్లల్లో మత్తిచ్చి బలవంతంగా వంచడం మంచిది కాదు, తొడ ఎముక కింది కొస గ్రోత్ ప్లేట్ దగ్గర విరగొచ్చు. వ్యాయామంతో పోయేదానికి రెండో ఆపరేషన్!

వెనక లిగమెంట్, అంటే పీసీఎల్ ఊడితే లెక్క మారిపోతుంది. ఇది ఎక్కువగా బైక్ ప్రమాదాల్లో, వంగిన మోకాలి కింద ముందు నుంచి దెబ్బ తగిలినప్పుడు వస్తుంది. దీన్ని కీహోల్‌లోనూ చేస్తారు, మోకాలి వెనక గాటు పెట్టి నేరుగానూ స్క్రూ వేస్తారు. రెండు పద్ధతుల్లోనూ ఫలితాలు బాగానే ఉంటున్నాయి కాబట్టి గాటు పొడుగు చూసి డాక్టర్ని ఎంచుకోనక్కర్లేదు. ఇక్కడ కింది ఎముక వెనక్కి జారకుండా చూడటమే ముఖ్యం. పడుకున్నప్పుడు దన్ను పిక్క కింద ఉండాలి, మొదట్లో మోకాలు వంచడం బోర్లా పడుకోబెట్టి మేమే చేయిస్తాం. తొడ వెనక కండరంతో సొంతంగా మడమను వెనక్కి లాగడం కొన్ని వారాలు వద్దంటాం. నెట్‌లో లిగమెంట్ ఎక్సర్‌సైజులని ఉన్నవన్నీ చేసేస్తే వేసిన కుట్టు మీదే భారం పడుతుంది. ఏ లిగమెంటో కూడా తెలియకుండా వీడియోలు చూసి చేసేవాళ్లని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే సర్జన్‌ని అడగండి. బ్రేస్ ఎప్పుడు విప్పాలి, వంచడం ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతవరకు వంచొచ్చు, కాలి మీద బరువు ఎప్పుడు మోపాలి. కుట్టు ఎంత గట్టిగా పడిందో చేసినవారికే తెలుసు, కాబట్టి ఈ జవాబులు మోకాలికీ మోకాలికీ మారతాయి. అవి కాగితం మీద రాసిస్తే మా పని సగం తేలికవుతుంది. ఎముక అతికాక కూడా మోకాలు కొద్దిగా వదులుగా అనిపించొచ్చు. ఎముక ఊడే ముందు లిగమెంట్ కూడా కొంత సాగుతుంది మరి. చాలామందికి దానివల్ల ఇబ్బంది ఉండదు. ఆటలకు మాత్రం కొన్ని నెలలు ఆగాల్సిందే.

ఇంకొక్క మాట. మీ వ్యాసంతో వేసిన ఫొటోలో మంచం మీదున్న పిల్లాడి మోకాలి కింద లావుపాటి దిండు ఉంది. ఈసారి ఏసీఎల్ గురించి రాసినప్పుడు దయచేసి మోకాలు పూర్తిగా చాపుకునేలా మడమ కింద టవల్ చుట్టి పెట్టిన ఫొటో వేయండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్ట్