పంతుళ్ల ఇళ్లలోని రాతప్రతులను కాపాడాలి

సంపాదకుల వారికి,

ఉపాధ్యాయ దినోత్సవం రాగానే శాలువాలు కప్పి మరునాటికి మరచిపోయే మనం, ఉత్తర తెలంగాణలో సాహిత్యాన్ని ఎక్కువగా మోసింది బడిపంతుళ్లేనన్న సంగతిని పట్టించుకోవడం లేదు. ఆదిలాబాద్ జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన సామల సదాశివ గారు ఉర్దూ కవిత్వాన్ని, హిందుస్తానీ సంగీతాన్ని తెలుగువారికి చేరువ చేశారు. ఆయన ‘స్వరలయలు’కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాకే ఆ పేరు విన్నవారు నా పరిచయస్తుల్లోనే చాలామంది (మన పద్ధతే అంత).

అంత పేరు రాని ఒక ప్రధానోపాధ్యాయుని ఇల్లు మా హనుమకొండలో ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, 1948లో నిజాం పాలన పోయాక తెలుగులో పాఠం చెప్పడానికి వ్యాకరణం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్న ఆయన, ఫీజు కట్టలేని పిల్లలను ఇంట్లోనే ఉంచుకొని చదివించారు. కూతురు కథలు రాసింది. భార్య పద్యాలు మాత్రం జమాఖర్చుల పుస్తకాల వెనుక పేజీల్లో, పాల లెక్కల పక్కనే ఉండిపోయాయి. ఆదర్శం ఆయనది, దాని బరువు ఆవిడది అని నాకనిపిస్తుంది. ఇప్పుడు వారసులు ఇల్లు అమ్మకానికి పెట్టడంతో, చెదలు తినగా మిగిలిన కట్టలు పాత కాగితాల బండికెక్కేలా ఉన్నాయి.

1904లోనే శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయమనే గ్రంథాలయాన్ని నిలుపుకున్న ఊరు ఇది. ఇలాంటి రాతప్రతులను స్కాన్ చేయించి భద్రపరిచే పనికి కాకతీయ విశ్వవిద్యాలయ తెలుగు శాఖ, జిల్లా గ్రంథాలయ సంస్థ కలిసి పూనుకోవాలి. ముందుగా ఏ ఇంట్లో ఏమున్నదో జాబితా తయారు కావాలి. అందుకు విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ