ఆ తల్లి మీద నింద వేయకండి

సంపాదకుల వారికి,

పుట్టిన మూడో రోజే బిడ్డ మెదడులో రక్తం గడ్డకట్టిందన్న వార్త పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో చదివాను. అందులో ‘తల్లి అజాగ్రత్త వల్లే’ అని రాశారు. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మా మనవరాలికీ ఇదే జరిగింది. మా అమ్మాయినీ ఊరంతా ఇదే మాట అన్నది.

ఏమిటా అజాగ్రత్త? తొలిచూలు కావడమా? నెలలు నిండుతుండగా బీపీ పెరగడమా? ఉమ్మనీరు పోయాక గంటల తరబడి కాన్పు కాకపోవడం, గర్భసంచిలో ఇన్ఫెక్షన్, కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరు, రక్తం తేలిగ్గా గడ్డకట్టే వంశపు లక్షణం, ఇవన్నీ బిడ్డకు ఈ ముప్పు పెంచేవేనని మాకు పిల్లల డాక్టరు చెప్పారు. వీటిలో ఏ ఆడపిల్లయినా కోరి తెచ్చుకునేది ఒక్కటుందా? ఇవి ఉన్న తల్లుల్లో చాలామందికి పిల్లలు క్షేమంగానే పుడతారు. ఇవేవీ లేకపోయినా కొందరు బిడ్డలకు గడ్డ కడుతుంది.

మా అమ్మాయికి కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షల కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ఎనిమిదో నెలలో బీపీ 150/100 అని ఎర్ర సిరాతో రాసి కింద గీత కొట్టారు. తర్వాతి రెండు గడుల్లో ‘నార్మల్’ అని ఉంది. ఆ రెండుసార్లూ చేతికి పట్టీ చుట్టనే లేదు, పక్కన కూర్చున్నది నేనే. నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోతే, ఇంకా సమయం ఉందంటూ మర్నాటి దాకా వరండాలో ఉంచారు. బిడ్డను చూసినవాళ్ళు ఆ కార్డు తెరవనే లేదు. బిడ్డ పాలు తాగడం లేదని రెండుసార్లు మొరపెట్టుకున్నాను. ఒంట్లో నీరు తగ్గినా పసికందుకు రక్తం గడ్డకడుతుందట, ఆ ముక్క అప్పుడు ఎవరూ చెప్పలేదు.

రెండో రాత్రి బిడ్డ కుడి చేయి ఒక్కటే, ఒకే తీరుగా కొట్టుకోవడం మొదలైంది. నా గుప్పిట్లో పట్టుకున్నా ఆ చిన్ని పిడికిలి ఆగలేదు. ఉలికిపాటేనని నర్సు అన్నది. బాలగ్రహమని మా వదిన తాయెత్తు తెప్పించింది. ఉలికిపాటైతే పట్టుకోగానే ఆగుతుందని, ఇది ఫిట్స్ అని తెలిసేసరికి తెల్లవారింది. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్ల దూరం. ఎమ్మారై తీశాక గానీ గడ్డ సంగతి బయటపడలేదు.

ప్రతి నెలా 9న గర్భిణులకు డాక్టరు పరీక్ష చేయాలన్న కేంద్ర పథకం 2016 నుంచి ఉంది. ఆ రోజు బ్యానరు కడతారు, ఫొటో దిగుతారు, మీరు అచ్చు వేస్తారు. కార్డులో ఎర్ర సిరా పడిన గర్భిణికి తర్వాత ఏమైందని అడిగే అధికారి ఒక్కరు లేరు. ఒకప్పుడు విలేకరులు ఇలాంటి వార్త రాసేముందు డాక్టరునో, కనీసం ఆ తల్లినో అడిగేవారు. ఇప్పుడు ఆ మాత్రం ఓపిక కూడా కరువైంది.

మా మనవరాలికి పద్నాలుగో నెల. బొమ్మ ఎటు పెట్టినా ఎడమ చేతితోనే అందుకుంటుంది. వ్యాయామ చికిత్స కోసం వారానికి రెండుసార్లు బస్సెక్కుతున్నాం. ‘కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావమ్మా’ అని మా అమ్మాయిని బస్సులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మీ వార్త చదివినవాళ్ళు ఆ ఇంకో తల్లినీ అలాగే అడుగుతారు. ఆ వాక్యం తప్పని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

– ఒక అమ్మమ్మ, ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా