ఆ కుర్రాణ్ణి కొవ్వూరులో దింపాల్సింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పుస్తకంలో వస్తున్న తెల్లదొరల కాలం నాటి ప్రేమ సీరియల్ గురించి ఈ ఉత్తరం. పోయిన నెల ఇదే పేజీలో ఎవరో, కథ నత్తనడక నడుస్తోంది, పద్నాలుగు వారాల్లో హీరో హీరోయిన్ రెండుసార్లే చూసుకున్నారు అని రాశారు, నాకైతే ఆ రెండుసార్లు కూడా ఎక్కువే అనిపించింది. కథ జరిగేది 1898లో, రాజమండ్రిలో, అమ్మాయేమో పదహారేళ్ళకే భర్త పోయి పుట్టింట్లో ఉంటోంది. వీరేశలింగం గారు అదే ఊళ్ళో 1881లో మొదటి వితంతు వివాహం చేయించారు నిజమే, కానీ ఎవరో ఒకరింట్లో పెళ్ళి జరగడం వేరు, మనింట్లో పిల్ల ఒక పరాయి మగాడి వంక చూడ్డం వేరు కదా.

నీటిమట్టం పెంచి తగ్గించి పడవల్ని దాటించే కాలవ లాకుల దగ్గర సీను చదివారా అసలు ఆ కంప్లైంట్ చేసినాయన? ధవళేశ్వరం నుంచి కాకినాడ వెళ్ళే గూటి పడవ లాకులోకి వచ్చి ఆగుతుంది, వెనక తలుపులు మూసేసి నీళ్ళు మెల్లగా కిందికి వదులుతుంటారు, గట్టు మీద చేతిలో లెక్కల పుస్తకంతో ఆ గుమస్తా కుర్రాడు, పడవ కిటికీలోంచి ఈ పిల్ల. ముందు అతని మొహం కనిపిస్తుంది, నీళ్ళు దిగేకొద్దీ చేతిలో పుస్తకం, తర్వాత పంచె అంచు, తర్వాత బురద పాదాలు, ఆఖరికి పాచి పట్టిన తడిగోడ ఒక్కటే. ఒక్క మాట లేదు. రెండు వారాలు అదే నడిచింది, మా ఆయన "ఏమే, మీ పడవ ఇంకా లాకు దాటలేదా" అని వెక్కిరించారు కూడా, దాటకపోతే బాగుణ్ణు అన్నాను.

ఇంకోటి, ఆ పిల్ల రాసే ఉత్తరం సంగతి. అప్పట్లో కార్డు కాలణా, కవరు అర్ధణా. కార్డు మీద రాస్తే పోస్టుమాన్ దగ్గర్నుంచి వీధిలో అందరూ చదివేస్తారు, అందుకని ఆ మిగతా కాలణా కోసం పిల్ల నాలుగు వారాలు తంటాలు పడుతుంది, చింతపండు కొన్న చిల్లరలో ఒకటి నొక్కేసి కొంగున ముడేసుకుని రాత్రంతా నిద్రపోదు. ఫోన్లో మెసేజ్ పెట్టి రెండు టిక్కులు నీలం అవ్వలేదని గింజుకునే మా మనవరాలికి ఇది చదివి వినిపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు.

అలాగని అన్నీ బాగున్నాయని కాదు. ఆడపిల్లల కాపురానికి కనీస వయసు పెట్టిన సమ్మతి వయసు చట్టం గురించి ఒక వారమంతా కథ ఆపేసి పాఠం చెప్పారు, అది నేను తిప్పేశాను. ఆ ఇంజనీరు దొర కూడా మరీ మంచోడు, ప్రతి దొరా కాటన్ దొర కాదు కదండీ!

అసలు నా బాధ ఇప్పుడు చెప్తాను. ఆ కంప్లైంట్లు పడ్డాక రచయితకి కంగారు పుట్టిందో మీరే తొందర పెట్టారో తెలీదు గానీ, పోయిన ఆదివారం ఆ కుర్రాడు బెజవాడలో రైలెక్కి ఒక్క పేరాలో గోదావరి బ్రిడ్జి దాటేసి రాజమండ్రిలో దిగిపోయాడు. ఏ బ్రిడ్జి మీద దాటాడండీ? మా పాత హేవలాక్ బ్రిడ్జికి పని మొదలైంది 1897లో, రైళ్ళు నడిచింది 1900లో. మేముండేది కొవ్వూరు, ఆ బ్రిడ్జిని రోజూ చూస్తూనే ఉంటాం, దాని మీద రైళ్ళు ఆగిపోయింది కూడా 1997లోనే. 1898లో బెజవాడ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ రైలు దిగి, రేవుకి నడిచి, పడవలో అవతలికి పోవాల్సిందే. ఎంత మంచి సీను పోగొట్టుకున్నారో చూడండి, నది మధ్యలో సగం లేచిన స్తంభాలు, అవతల గట్టున ఆ పిల్ల ఉన్న ఊరు కనిపిస్తూనే ఉంటుంది, వీడేమో పడవవాడు జనం నిండాలని ఆపితే రేవులో కూర్చుని ఉండాలి. హాయిగా రెండు వారాలు వచ్చేది.

పుస్తకంగా వేసేటప్పుడైనా ఆ కుర్రాణ్ణి మా కొవ్వూరులో దింపమని రచయిత గారికి చెప్పండి. పడవ ఎంత లేటైనా మేం చదువుతాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొవ్వూరు