కంటి ప్రయోగాల పేరుతో వసూళ్లు ఆపించండి: తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను మిర్యాలగూడలో ప్రభుత్వ పాఠశాల టీచర్ని. మా అమ్మకి 76 ఏళ్లు. ఇంట్లో రెండు గేదెలున్నాయి, పాల లెక్కంతా ఆమెదే. ఎవరికి ఎన్ని లీటర్లు పోసిందో వంటింటి గోడ మీది క్యాలెండర్ గళ్లలో రోజూ రాసుకుంటుంది. రెండేళ్ల కింద ఒక పొద్దున "ఈ గీతలు గిట్ల వంకరగున్నయేందే?" అని అడిగింది. నేను చూస్తే గీతలు సక్కగానే ఉన్నాయి. శుక్లాల ఆపరేషన్ రెండు కళ్లకీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి అద్దాలు మార్చాలేమో అనుకుని ఆరు నెలలు ఊరుకున్నాం. ఆ తర్వాత గడి మధ్యలో అంకె కనిపించడం మానేసింది. చుట్టుపక్కల గళ్లు కనిపిస్తాయి, తను చూడాలనుకున్నది మాత్రం కనిపించదు. మనుషుల ముఖాలూ అంతే. జుట్టు, చెవులు కనిపిస్తాయి. కళ్లు, ముక్కు ఉండాల్సిన చోట మసక. గొంతు విని మమ్మల్ని గుర్తుపట్టేది.

డాక్టర్ రెటీనా (కంటి వెనక వెలుతురుని పట్టే పొర) స్కాన్ తీసి, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు అన్నారు. మన ఊళ్లలో "కంటి నరం వీకైంది" అనేసి వదిలేసేవాటిలో ఇదొకటి. చదవడానికి, ముఖం పోల్చుకోవడానికి పనికొచ్చే సూటి చూపంతా రెటీనా నడిమధ్యన ఉండే మాక్యులాదే. ఈ జబ్బులో రెండు రకాలు. తడి రకంలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారతాయి. దానికి కంట్లో ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. పొడి రకంలో కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతాయి. అమ్మకి అప్పుడు రెండు కళ్లలోనూ పొడి రకమే. "పోయిన చూపు తెచ్చే మందు ఇప్పటికైతే లేదమ్మా" అని డాక్టర్ ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఆ రాత్రే ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను.

అలా హైదరాబాద్‌లోని ఒక సెంటర్ వీడియో కనపడింది. స్టెమ్ సెల్స్‌తో, అంటే వేరే రకం కణాలుగా మారగల మూల కణాలతో, పోయిన చూపు తెప్పిస్తామన్నారు. శనివారం అమ్మని తీసుకుని వెళ్లాను. పొట్ట దగ్గర కొవ్వు తీసి, అందులోంచి కణాలు వేరుచేసి కంట్లోకి ఎక్కిస్తారట. ఒక కంటికి రెండున్నర లక్షలు, రెండూ ఒకేసారి చేయించుకుంటే నాలుగు లక్షలు. తప్పకుండా చూపొస్తుందా అని అడిగితే, "ఇది రీసెర్చ్ ట్రీట్‌మెంట్ మేడమ్, ప్రయోగ దశలో ఉంది, గ్యారంటీ రాసివ్వం" అన్నారు. తర్వాత తొమ్మిది పేజీల ఇంగ్లీష్ కాగితాలు అమ్మ చేతికిచ్చి, చదివి సంతకం పెట్టమన్నారు. చదవలేకపోతున్నాననే కదయ్యా ఆమె అక్కడికి వచ్చింది! అమ్మ కాగితాలు ఒళ్లో పెట్టుకుని, చేతి గాజులు తడుముకుంటూ "ఇవి అమ్ముదాం బిడ్డా" అంది. పక్క కుర్చీలో కోదాడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన పొలం కుదువ పెట్టి వచ్చానని చెప్పాడు.

ఆ రోజు బ్యాంకు టైమ్ అయిపోయింది కాబట్టే మేం డబ్బు కట్టలేదు. మర్నాడు పాత డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగిన సంగతి చెప్పారు. 2015లో అక్కడ ఒక క్లినిక్‌లో ఇదే జబ్బున్న ముగ్గురు ఆడవాళ్లు ఇదే పని చేయించుకున్నారు. వాళ్ల వయసు 72 నుంచి 88. కొవ్వులోంచి తీసిన కణాలని రెండు కళ్లలోనూ ఒకే రోజు ఎక్కించారు. ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు తీసుకున్నారు. రోజుల్లోనే కళ్లలో రక్తస్రావం, రెటీనా ఊడిపోవడం. ముగ్గురికీ చూపు ఘోరంగా దెబ్బతింది, వెలుతురు కూడా తెలియని స్థితికి వెళ్లినవాళ్లున్నారు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇది అచ్చయింది. ఆ చికిత్స అక్కడి ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద చేసే వైద్య పరీక్షలు) వెబ్‌సైట్‌లో నమోదై ఉండటం చూసి నమ్మినవాళ్లూ వాళ్లలో ఉన్నారట. మాకు చెప్పిన చికిత్సకీ దానికీ తేడా ఏమిటో ఎంత ఆలోచించినా నాకు దొరకలేదు.

ప్రయోగాలే వద్దని నేననడం లేదు, మంత్రి గారూ. అమ్మలాంటి వాళ్లకి ఆశంటూ ఉంటే అది ప్రయోగాల్లోనే ఉంది. 2014లో జపాన్‌లోని కోబేలో మసాయో తకహాషి బృందం, రోగి చర్మం నుంచి తయారుచేసిన కణాల పొరని ఒకావిడ కంట్లో అమర్చింది. ఆవిడ చూపు పెద్దగా పెరగలేదు, కానీ ఇంకా తగ్గకుండా నిలిచింది. రెండో రోగి కోసం తయారైన కణాల్లో జన్యు మార్పులు కనపడగానే ఆ మార్పిడి ఆపేశారు. ప్రయోగం చేసేవాళ్లకి ఉండాల్సిన భయం అది. 2023లో అమెరికా పొడి రకానికి రెండు ఇంజెక్షన్లని అనుమతించింది. అవి జబ్బు పాకడాన్ని నెమ్మది చేస్తాయే తప్ప చూపుని వెనక్కి తేవు. 2025లో యూరప్ నుంచి ప్రిమా చిప్ ఫలితాలొచ్చాయి. రెండు మిల్లీమీటర్ల చిప్‌ని రెటీనా కింద పెట్టి, కెమెరా ఉన్న కళ్లద్దాలతో దానికి బొమ్మ పంపుతారు. ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి అక్షరాలు చదవడం చెప్పుకోదగ్గంతగా మెరుగైంది. మన దేశంలోనూ బెంగళూరుకి చెందిన ఐస్టెమ్ సంస్థ పొడి రకానికి కణ చికిత్సని మనుషుల మీద పరీక్షించడం మొదలుపెట్టింది. ఈ వార్తలు చదువుతుంటే నాకు నిజంగా ఆశ పుడుతుంది.

ఆ ఆశనే వాళ్లు అమ్ముకుంటున్నారు. మన దేశంలో 2009 నుంచి క్లినికల్ ట్రయల్స్‌ని సీటీఆర్‌ఐ అనే జాతీయ ట్రయల్స్ జాబితాలో నమోదు చేయాలన్న నిబంధన ఉంది. పరీక్షిస్తున్న చికిత్సకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లో ఉంది. రక్త జబ్బులకి చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలు అనుమతి పొందిన ట్రయల్స్‌లోనే జరగాలని 2017లోనే ఐసీఎంఆర్ స్పష్టంగా రాసింది. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. సోమవారం ఆ సెంటర్‌కి ఫోన్ చేసి సీటీఆర్‌ఐ నంబర్ అడిగాను. "సార్‌ని కనుక్కుని చెప్తాం" అన్నారు. ఇంతవరకు చెప్పలేదు.

ట్రయల్స్ అనుమతి ఢిల్లీ చేతిలో ఉంటుందని తెలుసు. కానీ ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్, తనిఖీ మీ శాఖ పనే. కంట్లో కణాలు ఎక్కిస్తున్న ప్రతి చోటికీ జిల్లా వైద్యాధికారిని పంపి సీటీఆర్‌ఐ నంబర్, ఎథిక్స్ కమిటీ (ప్రయోగంలో రోగుల క్షేమం చూసే కమిటీ) అనుమతి చూపించమనండి. చూపించలేకపోతే ఆ పని ఆపించండి, తీసుకున్న డబ్బు వెనక్కి ఇప్పించండి. ట్రయల్ జరిగే ఆస్పత్రిలో నంబర్‌తో పాటు "ఈ ప్రయోగానికి రోగి ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు" అని తెలుగులో, దూరం నుంచి కనపడేంత పెద్ద అక్షరాల్లో బోర్డు పెట్టించండి. సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉండాలి, దాన్ని పైకి చదివి వినిపించాలి. ఫలానా ట్రయల్ నిజమా కాదా అని 104కి ఫోన్ చేస్తే చెప్పే ఏర్పాటు ఉంటే, నాలాంటి వాళ్లు రాత్రిపూట వీడియోలని నమ్ముకోవాల్సిన పని ఉండదు.

ఇంకొకటి కూడా అడగాలి. ఈ వేసవిలో అమ్మ ఎడమ కన్ను తడి రకంలోకి మారింది. అది నాలుగు రోజుల్లోనే మాకు తెలిసింది. ఎలాగంటే, డాక్టర్ గళ్ల కాగితం ఒకటి ఇచ్చి, నడిమి చుక్క మీద చూపు పెట్టి ఒక్కో కన్నూ మూసి చూడమన్నారు. దాన్ని ఆమ్‌స్లర్ గ్రిడ్ అంటారు. అమ్మకి అది చుక్కల ముగ్గులా అనిపించింది. ఫ్రిజ్ మీద అంటించుకుని రోజూ పొద్దున చూసుకునేది. ఒకరోజు ఎడమ కంటికి గీతలు ఉన్నట్టుండి అలల్లా కనపడ్డాయి. వెంటనే ఇంజెక్షన్ పడింది కాబట్టి ఆ కంట్లో మిగిలిన చూపు నిలిచింది. 2018లో కంటి వెలుగు మొదలైనప్పుడు ఊరూరా శిబిరాలు పెట్టారు. మళ్లీ శిబిరాలు పెడితే 60 దాటిన ప్రతి ఒక్కరికీ ఈ కాగితం ఇప్పించండి. దానికయ్యేది ఒక జిరాక్స్ ఖర్చే.

తడి రకానికి వాడే అవాస్టిన్ నిజానికి క్యాన్సర్ మందు. ఇదే జబ్బుకి వాడే ఖరీదైన లూసెంటిస్ మందుతో సమానంగా ఇది పనిచేస్తుందని 2011లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన ట్రయల్‌లో తేలింది. ధర చాలా తక్కువ. శుభ్రమైన థియేటర్, శిక్షణ పొందిన రెటీనా డాక్టర్ ఉంటే జిల్లా కేంద్రంలోనే ఇవ్వొచ్చు. అమ్మ ఇప్పుడు నెలనెలా ఇంజెక్షన్ కోసం హైదరాబాద్ బస్సెక్కుతోంది. పక్కన నేను సెలవు పెట్టి వెళ్లగలుగుతున్నాను. తోడు వచ్చేవాళ్లు లేని ముసలివాళ్లు ఒకటి రెండు నెలలు వెళ్లి మానేస్తున్నారు, ఇంజెక్షన్ ఆగితే చూపు పోతుంది.

ఆ సెంటర్ వాళ్ల కరపత్రం, మేం కట్టిన కన్సల్టేషన్ ఫీజు రసీదు, సంతకం పెట్టని ఆ తొమ్మిది పేజీలు నా దగ్గరే ఉన్నాయి. మీ శాఖ నుంచి ఎవరు అడిగినా తెచ్చి ఇస్తాను. కోదాడ పెద్దాయన ఫోన్ నంబర్ తీసుకోకపోవడం ఒక్కటే ఇప్పటికీ బాధగా ఉంది.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి ఒక టీచర్