ఊరెళ్లలేదు, ఆపరేషన్ అయింది

తిరుపతి కొర్లగుంటలోని మా కుట్టు దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్న అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. "అమ్మ ఊరెళ్లింది" అని మా అమ్మాయి మీతో చెప్పింది నేను చెప్పమన్నందుకే. దాన్ని తప్పు పట్టకండి. ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలి, నాలుగు వారాల కిందట ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. చంకలోని లింఫు గ్రంథులు కూడా తీశారు. వచ్చే సోమవారం కీమో మొదలు.

గడ్డ చేతికి తగిలింది మాఘమాసంలో. నొప్పి లేదు కదా, పెళ్లి జాకెట్లు ఇచ్చేశాక చూపించుకుందామని మూడు నెలలు ఊరుకున్నాను. ఈ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. మీలో ఎవరైనా అలా ఊరుకుని ఉంటే, నా దగ్గర కుట్టించుకునే జాకెట్టు కన్నా ముందు ఆ పని చూసుకోండి.

నాకు కీమో ఎనిమిది సార్లు, 21 రోజులకొకటి. మందు గుండెకు పడుతుందో లేదోనని ఎకో తీశారు, పళ్లు కూడా చూపించుకున్నాను. మందు ఎక్కించిన రెండో వారంలో తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయట. అప్పుడు సూది గుచ్చుకున్నా ఇన్ఫెక్షన్ రావచ్చు. 100.4 డిగ్రీల జ్వరం కనబడితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రమ్మన్నారు. అందుకే మూడో వారంలో మాత్రమే వచ్చి కటింగ్ చేస్తాను. కుట్టేది మా తోడికోడలు. కొలతలు తీయను, ఆది జాకెట్టు తెచ్చివ్వండి. జలుబు, దగ్గు ఉన్నవారు దయచేసి ఇంకొకరితో పంపండి.

మగ్గం పని ఈ ఏడాదికి ఆపేశాను. గ్రంథులు తీసిన వైపు చేయి వాచే అవకాశం ఎప్పటికీ ఉంటుంది. ఆ చేతికి సూది పొడిపించుకోకూడదు, బీపీ చూపించుకోకూడదు, బరువులు మోయకూడదు అని నాకు చెప్పారు. పట్టు చీరల మూటలు ఇక మా అమ్మాయే దించుతుంది. రోజూ గోడ మీద వేళ్లు పాకిస్తూ చేయి పైకి లేపాలి. ఎంతవరకు లేచిందో సుద్దతో గీత గీస్తున్నాను. నిన్నటి గీత మొన్నటి దాని కన్నా కాస్త పైన ఉంది. వారానికోసారి టేపుతో రెండు చేతుల చుట్టుకొలతలు తీసి ఆర్డర్ల పుస్తకంలోనే రాసుకుంటున్నాను. మణికట్టు, మోచేతి కింద, మోచేతి పైన. రెండింటికీ తేడా పెరిగితే వెంటనే చెప్పమన్నారు.

కీమోకు జుట్టు రాలే దాకా ఆగబుద్ధి కాలేదు. మొన్న శనివారం కొండకు వెళ్లి కల్యాణకట్టలో స్వామికి ఇచ్చి వచ్చాను. మన ఊళ్లో గుండు చూసి ఎవరూ కారణం అడగరు, అది నాకు చాలా ఊరట.

మగ్గం పనికి అడ్వాన్సు ఇచ్చినవారు ఆదివారంలోగా రండి, పూర్తిగా తిరిగి ఇస్తాను. చీరలు మీ పేర్లు రాసిన సంచుల్లో భద్రంగా ఉన్నాయి.

ఇంకొక మాట. ఆపరేషన్ తరువాత పాత జాకెట్లు ఏవీ పట్టక నాకు నేనే ఒకటి కుట్టుకున్నాను. ఎడమ చంక వెడల్పుగా, చేయి వదులుగా, కుట్టు మచ్చ మీద పడకుండా, లోపల మెత్తని దిండు పెట్టుకునే జేబుతో. మెత్తని నూలు గుడ్డే వాడాను. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలాంటిది కావాలంటే కాగితపు నమూనా ఇస్తాను, డబ్బు వద్దు. దీనికి మాత్రం ఏ వారంలోనైనా ఫోను చేయండి.