టైటానియం ప్లేట్ల టెండర్లు: తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఎముక విరిగినవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసే టైటానియం ప్లేట్లు, రాడ్ల గురించి ఈ లేఖ. టెండరులో ‘మెడికల్ గ్రేడ్ టైటానియం’ అని రాసి ఊరుకుంటే రోగికి రక్షణ లేదు.

ఎముక అతుక్కునేదాకా ప్రతి అడుగుకూ ప్లేటు కాస్త వంగి లేస్తుంది. లక్షల సార్లు అలా వంగీ వంగీ విరుగుతుంది. దీన్నే ఫెటీగ్ అంటాం. ఒక్కసారి లాగి చూసే టెన్సైల్ పరీక్షలో ఇది బయటపడదు.

స్వచ్ఛమైన గ్రేడ్-4 టైటానియం ఈల్డ్ బలం, అంటే శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకునే ఒత్తిడి, కనీసం 483 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలమానం) ఉండాలి. అల్యూమినియం, వెనేడియం కలిపిన టైటానియం 6-4 ఈఎల్ఐకి (ఆక్సిజన్ లాంటి మలినాలు బాగా తగ్గించిన రకం) కనీసం 795 ఉండాలి, ఆక్సిజన్ 0.13 శాతం దాటకూడదు. ఆక్సిజన్ ఎక్కువైతే లోహం గట్టిపడుతుంది, కాగితం మీద బలం పెరుగుతుంది, కానీ పెళుసవుతుంది. బలం ఎక్కువుందని మురిసే ముందు, లోహం తయారుచేసిన మిల్లు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆక్సిజన్ గడి చూడాలి.

అసలు చిక్కు తయారీలో లోహాన్ని వేడి చేసేచోట వస్తుంది. వాక్యూమ్ గానీ ఆర్గాన్ గానీ లేకుండా 600 డిగ్రీలు దాటిస్తే ఆక్సిజన్ లోపలికి ఇంకి, పైన ఆల్ఫా కేస్ అనే పెళుసు పొర కడుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచి ఆ పొరను పూర్తిగా తీయాలి. నైట్రిక్ తగ్గితే హైడ్రోజన్ లోహంలోకి చేరి దాన్ని మళ్లీ పెళుసు చేస్తుంది. 3డి ప్రింటింగ్‌తో చేసిన భాగాలదైతే మరో సమస్య: లోపల మిగిలే సన్నని రంధ్రాలు. సుమారు 920 డిగ్రీల వద్ద, 100 మెగాపాస్కల్స్ ఆర్గాన్ పీడనంలో రెండు గంటల పాటు హిప్ చేస్తే (వేడిలో అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కితే) అవి చాలావరకు మూసుకుంటాయి.

అందుకే మా విన్నపం. ప్రతి బ్యాచ్‌కు హీట్ నంబరుతో (లోహం ఏ విడతలో కరిగించిందో చెప్పే సంఖ్య) మిల్ సర్టిఫికెట్ అడగండి. అందులో ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ శాతాలుండాలి. సరఫరాదారు ఇచ్చిన ముక్కను కాకుండా పెట్టెలోంచి మీవాళ్లే ఏరిన ప్లేటును కోసి, ఆల్ఫా కేస్ ఉందేమో సూక్ష్మదర్శినిలో చూపించండి. పరీక్షా ప్రమాణాలైన ఏఎస్‌టీఎం ప్రకారం, అంటే ప్లేట్లకు ఎఫ్382, రాడ్లకు ఎఫ్1264 ప్రకారం ఫెటీగ్ నివేదిక తప్పనిసరి చేయండి. టైటానియం మిశ్రమాలు తయారుచేసే మిధాని, లోహ పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్ రెండూ హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోనే ఉన్నాయి. నిబంధనలు రాసేటప్పుడు వారి సలహా తీసుకోండి.

ఆపరేషన్ థియేటర్లకూ ఒక సూచన పంపండి. ప్లేటును ఒకసారి వంచాక వెనక్కి వంచకూడదు, స్క్రూ రంధ్రం దగ్గర అసలే వంచకూడదు. టైటానియం గీతలను, గాట్లను ఓర్చుకోదు.

విరిగి బయటికి తీసిన ప్లేటును చెత్తలో పడేయనివ్వకండి. విరిగిన ముఖాలను ఒకదానికొకటి ఆనించకుండా, శుద్ధిచేసి, హీట్ నంబరుతో సహా ల్యాబుకు పంపించాలి. పగులు ఎక్కడ మొదలైందో ఆ ముఖం మీదే కనిపిస్తుంది.

ఇట్లు,
ఇంప్లాంట్ల తయారీ, పరీక్ష రంగాల్లో పనిచేస్తున్న మెటలర్జీ ఇంజినీర్లు